రాహుకాలం కూడా ఫోన్లోకి ఎక్కింది

బుధవారం. శ్రావణం దగ్గర పడింది. మిషన్ పక్కనున్న బుట్టలో ఆది జాకెట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఈ రోజుల్లో చూస్తే అనంతపురంలో వరలక్ష్మీ వ్రతానికి కొత్త జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషే లేదేమో అనిపిస్తుంది. అందరికీ ఆ శుక్రవారం పొద్దున్నే కావాలి. "గురువారం సాయంత్రానికి ఇచ్చేయక్కా, చాలు" అని, అదేదో నాకు మేలు చేసినట్టు చెప్పిపోతారు.

నా లెక్కలన్నీ గోడ క్యాలెండర్లోనే నడిచేవి. తేదీ గడిలో పెన్సిలుతో పేరు రాసుకునేదాన్ని. ఆ గడిలో తిథి ఉంటుంది, వర్జ్యం ఉంటుంది, నా రాతకే చోటుండదు. మా పాప ఇంటర్ సెలవుల్లో పట్టుబట్టి ఫోన్లో గూగుల్ క్యాలెండర్ పెట్టించింది. ఇంకా చెయ్యి తిరగలేదు కానీ, ఈరోజు మొత్తం దాన్ని చూసుకుంటూనే పని చేశాను.

కొత్తగా ఏ పని రాసినా అది గంటసేపు అని తనంతట తనే వేసుకుంటుంది. లైనింగ్ జాకెట్టుకు కటింగుతో కలిపి నాకు రెండు గంటలు. మెడకు పైపింగు, వెనక దారాలు, కుచ్చులు అంటే ఇంకో అరగంట. ప్రిన్సెస్ కట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాప చూపించినట్టు గంటను సాగదీసి అసలు టైము పెడితే, వంటా నీళ్లూ పోను మూడు జాకెట్లకే రోజు నిండిపోయింది. నోటితో మాత్రం ఐదారు ఒప్పుకుంటాం.

దీంట్లో నాకు బాగా పనికొచ్చింది ఇంకొకటి. ఇచ్చే రోజున ఫోన్ మోగితే ఏం లాభం? కాటన్ లైనింగ్ తడిపి ఆరేయకుండా కత్తిరిస్తే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది, పైన పట్టుగుడ్డ ముడతలు పడి కూర్చుంటుంది. కాబట్టి లైనింగ్ ముందు రోజే బకెట్లో మునగాలి. గంజి వదిలి నీళ్లు తెల్లగా మారతాయి, అప్పుడు పిండకుండా అట్లాగే మిద్దె మీద తీగకు వేస్తాను. పిండితే నూలు పక్కకు లాగి, తర్వాత ఇస్త్రీకి కూడా లొంగదు. అందుకే ఇప్పుడు ఒక్కో జాకెట్టుకు మూడు చోట్ల రాస్తున్నా: తడిపేది, కత్తిరించేది, ఇచ్చేది. ఇచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావడమే. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఆకుపచ్చ, ఇవ్వనివాళ్లకు ఎరుపు. స్క్రీనంతా ఎర్రగానే ఉంది, అది వేరే సంగతి.

మెడ డిజైన్ల ఫోటోలు, హుక్కులు ముందా వెనకా, చేతులెంత పొడుగు, ఇవన్నీ ఫోన్లోనే గూగుల్ కీప్ అనే నోట్సు యాప్‌లో పేరు పెట్టి దాచుతున్నా. అంతకుముందు వాట్సాప్‌లో వెతికేదాన్ని. పెళ్లి ఫోటోలు, గుడ్ మార్నింగ్ పూలు, వాటి మధ్యలో ఎక్కడో ఒక మెడ.

పాప చదువుకునేటప్పుడు పొమొడోరో అని ఒకటి పెట్టుకుంటుంది. ఇరవై అయిదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమరు ముందు పెట్టుకుని చదువుతూ కనిపెట్టాడట. "నువ్వూ పెట్టుకో మా" అంటే పెట్టాను. సరిగ్గా చెయ్యి ఎక్కిస్తుంటే మోగింది! చంక దగ్గర కుట్టు వంపు తిరిగేచోట పాదం ఆపితే మళ్లీ అదే వరసలో అందుకోవడం ఎంత కష్టమో ఆ సిరిల్లోకు ఏం తెలుసు. మిషన్ మీద అది కుదరదు. కాజాలకూ హుక్కులకూ అయితే బాగుంది. మెడ వంచుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు, గంట కొడితేనే లేస్తాం.

మధ్యాహ్నం మా అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం మే, అన్నీ ఆ ఫోన్లోనే అంటివి కదా. రాహుకాలం యాడుంది దాంట్లో?"

లేదన్నాను.

"కొత్త గుడ్డకు కత్తెర పెట్టేటప్పుడు చూసుకోవాల్నా, వద్దా?"

నాకు పెద్ద పట్టింపు లేదు. కానీ పట్టింపు ఉన్న గిరాకీలు చాలామంది ఉన్నారు. ఆమె చెబుతుంటే ఏడు రోజులవీ వేశాను. బుధవారం 12 నుంచి ఒకటిన్నర, శుక్రవారం పదిన్నర నుంచి 12. ప్రతి వారం తిరిగి వచ్చేట్టు ఒక్కసారి పెడితే చాలు. ఆ గంటన్నరలో కత్తెర ముట్టను, కాజాలు పెట్టుకుంటాను. చూడబోతే నా రోజులో అన్నింటికంటే పద్ధతిగా కుదిరింది అదే. కొళాయి ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో ఏ క్యాలెండరూ చెప్పదు. ఈరోజు కూడా కటింగు గంటలో నీళ్లొచ్చాయి. బిందెలు నింపి వచ్చేసరికి ఆ గంట అయిపోయింది, వేలితో లాగి సాయంత్రానికి జరిపాను. పెన్సిలు రాతైతే చెరిపి మళ్లీ రాయాలి, ఆ గడిలో చోటు వెతకాలి.

సాయంత్రం హుక్కులు, దారాలు తేవడానికి పాతూరు పోతూ టవర్ క్లాక్ దాటాను. స్వాతంత్ర్యం వచ్చిన గుర్తుగా కట్టింది. ఎనిమిది మూలలు ఎనిమిదో నెలకు, 47 అడుగుల ఎత్తు ఆ సంవత్సరానికి అని చిన్నప్పుడు మా నాయన చెప్పేవాడు. దాని కింద నిలబడి ఫోన్లో టైము చూసుకుంటున్నవాళ్లే అందరూ. నేనూ అంతే.

ఇంటికొచ్చేసరికి పక్కవీధి అమ్మాయి గుమ్మంలో ఉంది, మూడు పట్టు గుడ్డలతో. "శుక్రవారానికి, అక్కా." ఫోన్ తీసి ఆ వారం చూపించాను. నేను చెబితే వినేది కాదు, గడులు నిండి కనబడేసరికి తలూపింది. ఒకటి ముందు, మిగతా రెండూ పండగ తర్వాత అని ఒప్పుకుంది. అడ్వాన్సు అడిగితే ఫోన్ పే చేసింది. ఆకుపచ్చ!

రాత్రి అత్త తన బీపీ మాత్ర కూడా అందులో పెట్టమంది, తొమ్మిదింటికి మోగేట్టు. పెట్టాను. ఒకటో తారీఖు పింఛను కూడా పెట్టమంటావా అని అడిగితే, "అది నాకు గుర్తు చేసే పనిల్యా" అంది.