జాడీ ఎక్కిన గుడ్లగూబ

ఏథెన్స్‌లో నాణేల మ్యూజియం ఒకప్పుడు ష్లీమన్ ఇల్లు. ట్రాయ్ తవ్వించాడే, ఆయనే. ఇల్లు చూడ్డానికని వెళ్లి, ఒక వెండి నాణెం దగ్గర అతుక్కుపోయాను.

పేరు టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాలు. బరువు దాదాపు 16.8 గ్రాములు, పాత లెక్కన తులమున్నరకి కాస్త తక్కువ. ఏథెన్స్ పాత నాణేలు చిన్నగా, బొద్దుగా ఉంటాయి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో మొదలైన ఈ కొత్త రకం మాత్రం వెడల్పుగా, పల్చగా అప్పచ్చిలా ఉంది. ఒకవైపు శిరస్త్రాణంతో ఎథీనా దేవి. రెండోవైపు ఆలివ్ దండ మధ్యలో, పడుకోబెట్టిన జాడీ మీద నిలబడి మనకేసి గుడ్లురుముతున్న గుడ్లగూబ.

అసలు సంగతి ఆ జాడీ పొట్ట మీదుంది. ఫోన్‌లో జూమ్ చేస్తేగానీ దొరకలేదు: ఒకే ఒక్క గ్రీకు అక్షరం. అది నాణెం కొట్టిన నెల! ఆల్ఫా అయితే మొదటి నెల, అలా పన్నెండు. వాళ్లదీ చంద్రమానమే కాబట్టి అధిక మాసం వచ్చిన ఏడు పదమూడో అక్షరం కూడా పడేది. మా అమ్మమ్మకి చెబితే "మరి శూన్యమాసంలో కొట్టేవారా?" అనేది కచ్చితంగా.

చుట్టూ అధికారుల పేర్లు. క్రీ.పూ. 87-86లో కొట్టినవాటి మీదైతే ఏకంగా నల్లసముద్రం ఒడ్డునున్న పొంటస్ రాజ్యపు రాజు మిత్రిదాతిస్ పేరే, పక్కన అతని నక్షత్రం, నెలవంకలు. రోమ్ మీద పోరులో ఏథెన్స్ అతని పక్షం చేరింది మరి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా వచ్చి ఊరిని కొల్లగొట్టాడు.

నా ఫొటోల్లో సగం అద్దం మీద నా మొహమే పడింది.