ముక్కుపుడక ఎక్కడ పెడతావురా?

పోయిన ఎండాకాలం అమ్మమ్మ తెనాలి నుంచి బెజవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చింది. ఓ మధ్యాహ్నం కరెంటు పోయి టీవీ ఆగిపోయేసరికి, తోచక నా స్కెచ్‌బుక్ అందుకుని పేజీలు తిప్పుతూ కూర్చుంది. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, పదింటికి మొదలుపెట్టి పన్నెండు దాకా వేసిన అనిమే బొమ్మలే, అంటే జపాన్ కార్టూన్ల తరహా బొమ్మలే, పుస్తకం నిండా. చివరి పేజీ దాకా ఓపిగ్గా చూసి, "పిల్ల బాగుంది గానీ ముక్కేదిరా? రేపు పెళ్లికి ముక్కుపుడక ఎక్కడ పెడతావు?" అంది.

ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. "జపాన్ బొమ్మలు అంతే అమ్మమ్మా, ముక్కు ఉండదు, చుక్క పెడతారు" అని తప్పించుకున్నాను.

రాత్రి ఊరికే సరదాకి అదే పిల్లకి పుడక పెడదామని కూర్చున్నా. కుదరలేదు. ఎదురుగా చూసే ముఖంలో చుక్క పక్కన ఇంకో చుక్క పెడితే పుట్టుమచ్చలా ఉంది. పక్కనుంచి వేద్దామంటే ముక్కు ముందుకు పొడుచుకురావాలి కదా, అలా వేయగానే అది ఆ పిల్లే కాదు, ఎవరో పక్కింటి అమ్మాయి. అప్పుడు అర్థమైంది, మంచి మాంగా (జపాన్ కామిక్స్) ఆర్టిస్టు పెట్టే చుక్క ముక్కు కాదు, ముక్కు కొన కింద పడే నీడ. వాళ్లకి మొత్తం ముక్కు వేయడం వచ్చు, వచ్చి అవసరంలేని గీతలు తీసేశారు. నాకు మొదట్నుంచీ రాదు.

తీసేయడానికి వాళ్లకి కారణం కూడా ఉంది. ఒకే ముఖాన్ని కథలో వందలసార్లు వేయాలి. జపాన్ మాంగా ఆర్టిస్టు టెజుకా ఒసాము వేసిన ఆస్ట్రో బాయ్ 1963లో టీవీకి వచ్చినప్పుడు వారం వారం ఒక ఎపిసోడ్ ఇవ్వాల్సి వచ్చి, వీలైనన్ని తక్కువ బొమ్మలతో సరిపెట్టారు. ఇప్పటికీ సెకనుకి 24 ఫ్రేములుంటే, చాలాచోట్ల ఒక్కో బొమ్మని మూడు ఫ్రేముల పాటు ఉంచి 8 బొమ్మలతో లాగిస్తారు. అలాంటప్పుడు ముఖం మీద ప్రతి గీతా ఖర్చే. మన బాపు గీత కూడా చూడండి, చీర కుచ్చిళ్లు నాలుగు గీతల్లో తేల్చేసేవారు, కానీ కింద నడుము ఎటు వంగిందో కచ్చితంగా తెలుస్తుంది.

పుస్తకం మళ్లీ మొదట్నుంచి తిప్పాను. సిగ్గేసింది. పిల్లలందరూ ఎడమవైపే చూస్తున్నారు, అదీ ఒకే కోణంలో. ఒక కంటి మీద జుట్టు, ఎందుకంటే రెండో కన్ను మొదటిదానికి జతగా రాదు. చేతులు జేబుల్లోనో వీపు వెనకో. కుడిచేత్తో వేసేవాళ్లలో చాలామందికి ఈ ఎడమ పిచ్చి ఉంటుంది, మణికట్టు అటే హాయిగా తిరుగుతుంది మరి. నమ్మకపోతే మీ బొమ్మని తిరగేసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. నాది పట్టుకుంటే ఒక కన్ను నుదుటి మీదకి ఎక్కి, గడ్డం పక్కకి జారి, గాలిదుమారంలో చిక్కుకున్న మనిషిలా కనిపించింది. ఫోన్లోనో కంప్యూటర్లోనో వేసేవాళ్లకి ఈ పని ఒక్క బటన్. క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఎమ్ నొక్కితే చాలు, పైగా అది ఉచితం.

అంతకుముందు నేను ఆన్‌లైన్ క్లాసుకి డబ్బులు కట్టాను, ఎక్కడో చెప్పను. పన్నెండు పాఠాల్లో ఐదు కళ్ల మెరుపులకే పోయాయి, తల ఒక గుండ్రం అని, దాని మీద నిలువుగీత అడ్డగీత గీసుకుంటే కళ్లు ఎక్కడ రావాలో తెలుస్తుందని ఒక్కసారీ గట్టిగా చెప్పలేదు. మామూలు మనిషికి కళ్లు తలకి సరిగ్గా సగంలో ఉంటాయి, అనిమే ముఖంలో కొంచెం కిందకి దిగుతాయి, చిన్నపిల్లలకైతే ఇంకా కిందకి. ఒళ్లు కూడా తలలతోనే కొలుచుకోవాలి. పెద్దమనిషి ఏడు, ఏడున్నర తలల ఎత్తు, చిబీ బొమ్మ, అంటే పెద్ద తలా బుల్లి ఒళ్లూ ఉండేది, రెండు మూడు. నా హీరోలు పైన ఏడు తలల మనుషులు, కింద నాలుగు తలల మనుషులు.

చేతులు అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నా. సాయంత్రం మల్లెపూలు కట్టేటప్పుడు ఎదురుగా కూర్చునేవాణ్ని. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పూలు అటు రెండు ఇటు రెండు, దారం చుట్టి లాగేటప్పుడు చిటికెనవేలు దానంతటదే లేస్తుంది. మొదట వేళ్లు వేయడం మానేసి, అరచేతిని అగ్గిపెట్టెలా, బొటనవేలి మొదలుని దానికి అంటించిన ముక్కలా వేశాను. వేళ్లు తర్వాత. కణుపులు వరసగా ఉండవు, విల్లులా వంగి ఉంటాయి, అది పట్టుబడటానికే పది రోజులు. "కదలకే అమ్మమ్మా" అంటే "చీకటి పడితే నువ్వు కడతావా" అనేది.

ఆదివారాలు నెహ్రూ బస్టాండుకి పోయేవాణ్ని. బొమ్మకి ముప్పై సెకన్లు, అంతకంటే ఎక్కువ ఎవరూ నిలబడరు కూడా. బ్యాగు మీద తలపెట్టి పడుకున్నవాళ్లు, బియ్యం మూట ఎత్తేముందు మోకాళ్లు వంచేవాళ్లు, చంకలో పిల్లతో ఒక పక్కకి ఒరిగిన ఆడవాళ్లు. ముఖాలు వేయొద్దు, వెన్ను ఎటు వంగింది, బరువు ఏ కాలి మీదుంది, అంతే. ఒకాయన వెనకనుంచి తొంగిచూసి "మీసం పెట్టలేదేం తమ్ముడూ" అని నొచ్చుకున్నాడు, పెట్టి ఇచ్చేశాను.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జిరాక్స్ కాగితం మీద ఇంకు పెన్ను వాడకండి, సిరా చెట్టు వేళ్లలా చుట్టూ పాకుతుంది, ఏలూరు రోడ్డులో మందం డ్రాయింగ్ కాగితం దొరుకుతుంది. జీ-పెన్ అని నొక్కితే లావు వదిలితే సన్నం వచ్చే పాళీ తెప్పించి వారం రోజులు గోడల మీద సిరా చల్లాను, ఇప్పుడు 0.3 పెన్నుతో సుఖంగా ఉన్నా. అన్నట్టు బెజవాడ ఎండల్లో అరచేతి చెమటకి పెన్సిల్ మొత్తం అలుక్కుపోతుంది, చేతికింద విడికాగితం ఒకటి పెట్టుకోండి.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మమ్మ చిన్నప్పటి ఫోటో పక్కన పెట్టుకుని వేసిన బొమ్మ చూపించాను. కుడివైపుకి తిరిగిన ముఖం, పెద్ద కళ్లు, చిన్నదైనా ముక్కులాంటి ముక్కు, దాని మీద పుడక. కంప్యూటర్లో తుది మెరుగులు దిద్ది ప్రింటు తీయించాను. చాలాసేపు చూసింది. తర్వాత తన ముక్కు తడుముకుని, "నాది ఈ పక్క కదరా, నువ్వు ఆ పక్క పెట్టావేం?" అంది.

తప్పులు పట్టుకోవడానికి కంప్యూటర్లో బొమ్మనే అద్దంలోలా తిప్పి చూసుకున్నవాణ్ని, మళ్లీ తిప్పకుండానే ప్రింటిచ్చేశాను.