ర్యాలిలో ముందు కేశవుడు, వెనుక మోహిని

గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకీ మధ్య, ఆత్రేయపురం మండలంలో ఉంది ర్యాలి. రాజమండ్రి నుంచి బస్సెక్కి రావులపాలెంలో దిగితే అక్కడి నుంచి ఆటోలో కాసేపే. దారి పొడవునా కాలవలు, కొబ్బరి చెట్లు, అరటి తోటలు. "స్వామి దగ్గరికేనాండీ? బదిలీ కోసమా?" అని అడిగాడు ఆటో అతను. ఇక్కడి జగన్మోహినీ కేశవస్వామికి మొక్కుకుంటే కోరుకున్న చోటికి ట్రాన్స్‌ఫర్ అవుతుందని ఉద్యోగస్తుల నమ్మకం. "కాదు నాయనా, పిల్లలకి చూపిద్దామని" అంది మా పెద్దమ్మ. ఆ పిల్లలం నేనూ, నాతో వచ్చిన అతనూ. ఇద్దరికీ నలభై దగ్గర పడుతోంది.

చుట్టాలందరికీ అతను నా ఫ్రెండు. నిజానికి మేం చాలా ఏళ్లుగా కాపురం చేసుకుంటున్న జంట, ఇద్దరం మగవాళ్లం. రావులపాలెంలో ఉండే ఈ పెద్దమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆవిడా ఏనాడూ అడగలేదు. "ఇవన్నీ మన దేశంలో ఎక్కడివి, బయటి నుంచి వచ్చిన తెగులు" అనే మాట ఇంట్లో, ఆఫీసులో, పెళ్లి పందిళ్లలో విని విని నాకు విసుగొచ్చింది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు దండం పెట్టుకునే గుళ్లో ఏముందో ఒకసారి నా కళ్లతో చూడాలనిపించింది. అందుకే ఈ ప్రయాణం.

ర్యాలి స్థలపురాణం గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలిసిందే. క్షీరసాగర మథనం తర్వాత అమృతం పంచడానికి విష్ణువు మోహిని అయ్యాడు. ఆ రూపం చూసి శివుడు మనసు పారేసుకుని వెంటపడ్డాడు. పరిగెడుతుంటే మోహిని కొప్పులోంచి ఒక పువ్వు ఈ చోట రాలింది. శివుడు ఆ పువ్వు తీసి వాసన చూసి తలెత్తేసరికి ఎదురుగా విష్ణుమూర్తి ఉన్నాడు. ముందు నుంచి పురుషుడు, వెనక నుంచి ఇంకా మోహినే. ఆ క్షణాన్నే ఇక్కడ రాతిలో నిలబెట్టారు. వేటకొచ్చిన చోళరాజుకి కలలో స్వామి కనబడ్డాడని, కర్ర రథం లాక్కెళ్తుంటే దాని చీల ఊడిపడిన చోట తవ్వితే విగ్రహం దొరికిందని ఊళ్లో చెబుతారు.

గర్భగుడిలో వెలుతురు తక్కువ. నల్లని ఏకశిల, సుమారు అయిదడుగుల ఎత్తు. అర్చకుడు దీపం పట్టుకుని పై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూపించారు. నాలుగు చేతులు, శంఖం, చక్రం, చుట్టూ మకరతోరణంలో వేలెడంత దశావతారాలు. పాదాల దగ్గర రాయి తడిగా ఉంది. ఆయన గుడ్డతో తుడిచారు, కాసేపటికి మళ్లీ చెమ్మ. అది గంగ అన్నారు. తర్వాత "వెనక్కి రండి" అన్నారు.

వెనక్కి వెళ్లాక నేను మాట్లాడలేకపోయాను. ముందు చూసిన భుజాలు కావు ఇవి. ముడిచిన కొప్పు, కొప్పులో పూలు, సన్నటి వీపు, కిందికి వంపు తిరిగిన నడుము. చీరకట్టు మడతలు ఎక్కడ వదులుగా ఉండాలో ఎక్కడ బిగుతుగా ఉండాలో అంత తెలిసి చెక్కాడా శిల్పి. కాలి మీద ఒక పుట్టుమచ్చ కూడా ఉంది, పద్మినీ జాతి స్త్రీకి ఉండే గుర్తట. అర్చకుడు దీపాన్ని ఆ మచ్చ దగ్గరే కాసేపు ఉంచారు. పక్కనే ఒక ముసలావిడ ఎనిమిదేళ్ల పిల్లని, బహుశా మనవరాలేమో, ఎత్తి చూపిస్తోంది: "ఇదిగో, ఇటు అమ్మవారు, అటు స్వామి. ఇద్దరూ ఒకరే." ఆ పిల్ల "ఊఁ" అంది. అంతే. ఆ పిల్లకి అందులో అడగాల్సిందేమీ కనబడలేదు.

అర్చన టికెట్టు పెద్దమ్మ తీసుకుంది. గోత్రనామాలు చెప్పమన్నారు అర్చకుడు. ఆవిడ తన గోత్రం, పెదనాన్న పేరు, తన పేరు, కొడుకు కోడలి పేర్లు చెప్పి, ఆ వరసలోనే నా పేరూ అతని పేరూ జోడించింది. మధ్యలో ఆగలేదు, మా వైపు చూడలేదు. "సహకుటుంబానాం" అంటూ అర్చకుడు అవే పేర్లు అదే వరసలో చదివారు. నా పక్కన నిలబడ్డవాడి చెయ్యి వణికింది. చుట్టాల పెళ్లిళ్లలో ఫోటో తీసేటప్పుడు "కొంచెం పక్కకి జరగండి బాబూ" అనిపించుకోవడమే అతనికి అలవాటు.

గుడికి ఎదురుగా ఉమా కమండలేశ్వరస్వామి ఆలయం. ఒకటి తూర్పు ముఖం, ఇంకొకటి పడమటి ముఖం. శివుడూ కేశవుడూ ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నట్టే. శివాలయం అరుగు మీద కూర్చున్నాక అతను తన అనుమానం బయటపెట్టాడు. "శివుడు వెంటపడింది ఆడరూపం వెంటే కదా. ఇందులో మన కథ ఎక్కడుంది?"

న్యాయమైన ప్రశ్న. మోహిని కథ మా కథేనని నేను అనను. కానీ భాగవతం అష్టమ స్కంధంలో ఈ ఘట్టం చదివితే ఒక సంగతి తెలుస్తుంది. శివుడు అక్కడ మోసపోలేదు. "నీ ఆ రూపం నేను చూడలేదు, నాకూ చూపించు" అని పార్వతితో కలిసి విష్ణువు దగ్గరికి తనే వెళ్లి అడిగాడు. ఎవరి వెంట పడుతున్నాడో ఆయనకి తెలుసు. అంతా అయ్యాక శివుడు సిగ్గుపడలేదని, కుంగిపోలేదని, అది చూసి హరి సంతోషించాడని వ్యాసుడు రాశాడు. నన్ను కదిలించింది అదే. ఆ ఇద్దరి మధ్య జరిగినదానికి ఎవరూ తలదించుకోలేదు. ఇక హరిహరసుతుడు అయ్యప్ప సంగతి సరేసరి. కార్తీకం వస్తే మన ఊళ్లల్లో వేలమంది మగవాళ్లు నల్లబట్టలు కట్టి, ఇరుముడి ఎత్తుకుని శరణు వేడేది ఆ ఇద్దరి కొడుకునే.

మహాభారతంలో ఇంకా సూటిగా ఉంది. ఆడపిల్లగా పుట్టిన శిఖండిని కొడుకుగా పెంచి దశార్ణ రాజు కూతురితో పెళ్లి చేశారు. గుట్టు బయటపడి యుద్ధం దాకా వస్తే స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వాన్ని శిఖండికిచ్చాడు. ఈ కథంతా దుర్యోధనుడికి చెప్పింది భీష్ముడే. అర్జునుడు ఏడాది పాటు బృహన్నలగా విరాటుడి కొలువులో ఉత్తరకి నాట్యం నేర్పాడు. వానలు పడకపోతే ఊరు ఊరంతా కూర్చుని తిక్కన విరాటపర్వం చదివించుకునేవారు. తన చిన్నప్పుడు రాత్రుళ్లు లాంతరు వెలుగులో అలా విన్నానని పెద్దమ్మ చెప్పింది.

అతనికి పురాణాల మీద అంత నమ్మకం లేదు. "దేవుళ్లకి ఎన్నడూ ఇబ్బంది లేదు. మనుషుల సంగతి చూడు" అన్నాడు. అతను హైదరాబాదు పాతబస్తీ పక్కన పెరిగినవాడు, హిజ్రాల బతుకు దగ్గర నుంచి చూశాడు. బ్రిటిష్ వాళ్లు 1860లో శిక్షాస్మృతిలో స్వలింగ సంపర్కాన్ని నేరం చేసే 377వ సెక్షన్ పెట్టారు, 1871 నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించారు. ఆ పోలికతోనే నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. పెద్దవాళ్లు ఇష్టపడి కలవడం 377 కింద నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. బయటి నుంచి వచ్చింది ఏదైనా ఉంటే అది ఆ శిక్షేనని నా ఉద్దేశం. ఈ విషయంలో మాత్రం మా ఇద్దరిదీ ఒకే మాట.

తిరిగొస్తూ ఆత్రేయపురంలో ఆగాం. పూతరేకులు తీసే ఇంటి ముందు కూర్చుంటే కాలం తెలియదు. బోర్లించిన కుండ కింద మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన పల్చటి గుడ్డ కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే చాలు, ఊపిరి తగిలితే చిరిగేంత రేకు లేస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లంవి రెండు పెట్టెలు కొన్నాం.

లొల్ల లాకుల దగ్గర టీ తాగుతుంటే పెద్దమ్మ ఉన్నట్టుండి అడిగింది. "హైదరాబాదులో ఫ్లాటు ఎవరి పేరు మీద ఉందిరా?"

నా పేరు మీదే ఉందన్నాను.

"రేపు నీకేమైనా అయితే ఈ అబ్బాయి ఎక్కడికి పోతాడు? మీ అన్నయ్యలు ఊరుకుంటారనుకున్నావా?"

ఇద్దరం నోరు మెదపలేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మా పెళ్లికి చట్టబద్ధత ఇవ్వలేమంది. కాబట్టి ఆవిడ భయం అక్షరాలా నిజం. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవొచ్చని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసిన సంగతి మెల్లగా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "బ్యాంకు సంగతి సరే. ఇల్లో? వీలునామా రాయించి రిజిస్ట్రీ చేయించు. అతనూ తనది రాయాలి. రావులపాలెంలో మీ పెదనాన్నకి తెలిసిన ప్లీడరు ఉన్నాడు, పొద్దున్నే వెళ్దాం."

మర్నాటి బస్సు టికెట్లు రద్దు చేసుకున్నాం.