ఇస్త్రీ పెట్టెతో ఒక ఆదివారం

ఆదివారం, రాత్రి 10 గంటలు.

పొద్దున్న అమ్మ బట్టల మూట విప్పుకుని ఇస్త్రీ పెట్టె కోసం ఇల్లంతా వెతికింది. అది నా బల్ల మీద, విప్పిన తీగల మధ్య కనబడేసరికి ఆమె ముఖం చూడాలి. పెట్టెను ముట్టుకోలేదని, కరెంటు కొలిచే సెన్సర్ పెట్టడానికి కోసింది ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగనేనని చెప్పినా నమ్మలేదు. సాయంత్రానికి తిరిగి ఇస్తానని ఒప్పుకున్నాక కాఫీ దొరికింది.

ఈ గొడవకు మూలం బాబాయి. మైపాడు వైపు ఆయనకు రెండు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం వేశారు. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రయితే అదే నాచు రొయ్యలతో పోటీపడి దాన్ని పీల్చేస్తుంది. అందుకే తెల్లవారే దాకా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాలి. మొన్న ఒక రాత్రి ఒక ఏరియేటర్ మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగల్లో ఒకటి పోయింది. మిగిలిన రెండింటి మీద అది మూలుగుతూ మూలుగుతూ కాలిపోయింది. కాపలా కుర్రవాడు నిద్రలో ఉన్నాడు. రొయ్యలు దక్కాయి గానీ రీవైండింగ్ ఖర్చు మీద పడింది.

మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూస్తూ ఉంటే ఈ జబ్బు ముందే పట్టుకోవచ్చు. పోయిన ఫేజులో సున్నా వస్తుంది, మిగిలిన వాటిలో లెక్క పెరుగుతుంది. అందుకే నిన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏసీఎస్712 అనే, కరెంటు కొలిచే చిన్న సెన్సర్ బోర్డు కొన్నాను. 5 ఆంపియర్ల రకానికి చిన్న మార్పు కూడా బాగా కనబడుతుంది కాబట్టి మనసు అటే లాగింది. కానీ రెండు హెచ్‌పీ మోటారు మామూలుగా మూడు నాలుగు ఆంపియర్లు తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు మింగుతుంది. 20 ఆంపియర్లదే తెచ్చాను. ఇది ఆంపియరుకు 100 మిల్లీవోల్టుల చొప్పున మార్పు చూపిస్తుంది.

చిప్ లోపలి కథ నాకు భలే ఇష్టం. కరెంటు ఒక చిన్న రాగి దారిలో వెళుతుంది. దాని అయస్కాంత క్షేత్రాన్ని పక్కనే ఉన్న హాల్ సెన్సర్ పసిగడుతుంది. రెండింటికీ మధ్య తీగ సంబంధం లేదు కాబట్టి 230 వోల్టులు ఆర్డుయినో వైపు, అంటే సెన్సర్ అంకెలు చదివే చిన్న కంప్యూటర్ బోర్డు వైపు, రావు. 1879లో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి పలుచని బంగారు రేకులో ఈ ప్రభావాన్ని చూశాడు. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని తెలియడానికి అప్పటికింకా 18 ఏళ్లుంది. కదిలేది ఏమిటో తెలియకుండానే అది పక్కకు ఒరుగుతోందని పట్టేశాడు!

ఇక నా తంటాలు. కరెంటు పారనప్పుడు సెన్సర్ 2.5 వోల్టులు ఇవ్వాలి. మల్టీమీటర్ 2.38 చూపించింది. చవక బోర్డు అంటగట్టారని దుకాణదారుడిని మనసులో తిట్టుకున్నాను. తరువాత అనుమానం వచ్చి సరఫరా కొలిస్తే, ఫోను ఛార్జర్ నుంచి వచ్చేదే 4.76 వోల్టులు. సెన్సర్ ఇచ్చేది తనకు అందిన దానిలో సగం, అంతే. ఆర్డుయినో కూడా అదే సరఫరాను కొలబద్దగా పెట్టుకుంటుంది కనుక 0 నుంచి 1023 దాకా సాగే దాని లెక్కలో 510 వచ్చింది, నడిమధ్య 512 కదా. దుకాణదారుడికి మనసులోనే క్షమాపణ చెప్పాను.

రెండోది ఇంకా వింత. ప్లగ్గు పీకేసే ఉంది. తీగ మర బిగిద్దామని స్క్రూడ్రైవర్ పెట్టగానే 510 కాస్తా 541కి ఎగిరింది. అంటే ఒకటిన్నర ఆంపియర్లు, కరెంటే లేని తీగలో! చెయ్యి తీస్తే మళ్లీ 510. మూడుసార్లు చేసి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, మరలు జారిపోకుండా అంటుకోవాలని ఆ స్క్రూడ్రైవర్‌ను నాన్నగారి పాత రేడియో స్పీకర్ అయస్కాంతానికి తగిలించి ఉంచుతాను. సెన్సర్‌కు అయస్కాంతం ఎవరిదైతేనేం? మోటారు పెట్టెలో కాంటాక్టర్‌కు, అంటే మోటారును కలిపి విడదీసే విద్యుదయస్కాంత స్విచ్చికి, దూరంగా దీన్ని బిగించాలని పుస్తకంలో రాసుకున్నాను.

భోజనం తరువాత అసలు పరీక్ష. బోర్డు వెనక తీగలన్నీ మెయిన్ కరెంటులోనే ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసేసి, ఇస్త్రీ పెట్టె తగిలించాను. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటుకు ఊరికే సగటు తీస్తే సున్నా వస్తుంది. ఒక్కో కొలతలోంచి సున్నా స్థానాన్ని తీసేసి, వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీయాలి. ఇస్త్రీ పెట్టె మీద 1000 వాట్లని ఉంది, 230 వోల్టులకు 4.35 ఆంపియర్లు రావాలి. వచ్చింది 4.01. ఈసారి ఎవరినీ తిట్టకుండా నేరుగా గోడ ప్లగ్గులో వోల్టేజీ చూశాను, 212. మా ఊరి ఆదివారం మధ్యాహ్నం, అన్ని ఇళ్లలో ఏసీలు. లెక్క వేస్తే అదే 4.01!

ఇస్త్రీ పెట్టె వేడెక్కి టక్కుమని ఆగినప్పుడు అంకె 0.06కి పడింది. అది సెన్సర్ రొద, పూర్తి సున్నా ఎప్పుడూ రాదు. 0.3 కంటే తగ్గితే బజర్ మోగేలా రాశాను.

సాయంత్రం బాబాయి వచ్చి చూశారు. "ఏరియేటర్ ఆగితే చప్పుడు తగ్గుతుంది కదరా, నాకు పడుకునే తెలుస్తుంది," అన్నారు. నిజమే, ఆయనకు తెలుస్తుంది. ఆయన లేని రాత్రులకు కదా ఇది అంటే, కాసేపు ఆ పెట్టెను తిప్పి తిప్పి చూసి, "ఉప్పు గాలికి దీని తీగలు నెల కూడా ఆగవు, మూత గట్టిగా పెట్టు," అన్నారు. మంగళవారం మధ్యాహ్నం, మోటార్లు ఆపి ఉన్నప్పుడు రమ్మన్నారు.

పరీక్ష ఇంకొంచెం సాగాలని అమ్మకు ఇస్త్రీ పెట్టెను బజర్‌తో సహా అప్పగించాను. రెండు చీరలు అయ్యేసరికి అది అయిదుసార్లు మోగింది. మూడో చీరకు ఆమె నా పెట్టెను పీకేసి, గోడ ప్లగ్గుకు తగిలించుకుంది.