గంటస్తంభం దగ్గర ముఖాలు

విజయనగరం గంటస్తంభం పరిసరాల్లో పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి, మనుషుల ఫొటోలు తీయడానికి నాకు నచ్చే వేళ అదే. మొన్న ఒకామె దారం కొస పళ్ళతో పట్టుకుని కనకాంబరాలు కడుతూనే, బేరమాడేవాళ్ళకు గట్టిగా సమాధానం చెబుతుండగా తీశాను. తర్వాత చూపిస్తే, "నా మొకం ఇలాగుంటాదేటి బాబూ!" అని నవ్వి, ఉంచుకోమంది. వద్దంటే అక్కడికక్కడే చెరిపేసేవాణ్ణి. తీసేముందు అడిగితే ఆ సహజత్వం దొరకదు, తీశాకైనా అడగకపోతే మర్యాద కాదు.

సొంత ఫొటో సంగతి వేరు. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన తన చిత్రాన్ని తానే తీసుకున్నప్పుడు కదలకుండా నిలవవలసి వచ్చింది. మనకా కష్టం లేదు గాని, చేతి దూరంలో పట్టుకున్న ఫోన్‌కు ముక్కు దగ్గరగా, చెవులు దూరంగా ఉండటం వల్ల ముక్కు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అందం తగ్గిందని దిగులుపడి ఫిల్టర్లు వెతకడం కన్నా, ఫోన్‌ను నాలుగడుగుల దూరంలో గోడ మీద నిలబెట్టి టైమర్ పెట్టుకోవడం మేలు. పైగా మనకు అలవాటైనది అద్దంలోని ముఖం. కుడిఎడమలు మారని అసలు ముఖం ఫొటోలో కొత్తగా తోస్తుంది.

ఈసారి పైడితల్లి అమ్మవారి పండగలో అందరి కెమెరాలూ సిరిమాను (ఊరేగింపులో పైకెత్తే పొడవాటి మాను) చివర కూర్చున్న పూజారి వైపే ఉంటాయి. నేను మాత్రం తలెత్తి దండం పెట్టే జనాన్ని తీయాలనుకుంటున్నాను.