ప్రశ్నార్థకాలా, పిచ్చి అక్షరాలా? ముందు అది తేల్చుకోండి

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో తెలుగు ప్రశ్నార్థకాలుగానో పిచ్చి అక్షరాలుగానో కనిపించగానే, టేబుల్‌ను మార్చే ఆల్టర్ కమాండ్ కొట్టేయకండి. ముందు, బైట్లను హెక్స్ అంకెల్లో చూపే హెక్స్ ఫంక్షన్‌తో ఆ టెక్స్ట్ ఉన్న కాలమ్‌లో నిజంగా ఏ బైట్లు ఉన్నాయో చూడండి.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు. 'త' అంటే ఈ0 బీ0 ఏ4. ఇవే కనిపించి కాలమ్ చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) అయితే డేటా క్షేమం, తప్పు కనెక్షన్‌ది. పీహెచ్‌పీలో కనెక్ట్ అయిన వెంటనే సెట్_చార్‌సెట్‌కు యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి, చాలు.

వరసగా 3ఎఫ్‌లే ఉంటే అవి అసలైన ప్రశ్నార్థకాలు. రాసేటప్పుడే అక్షరాలు పోయాయి. బ్యాకప్ తప్ప దారి లేదు.

చిక్కంతా మూడో రకంతోనే. కాలమ్ చార్‌సెట్ లాటిన్1 (ఒక్కో అక్షరానికి ఒక్కో బైట్ వాడే పద్ధతి), లోపలున్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. ఇక్కడ ఆల్టర్ కమాండ్‌లోని 'కన్వర్ట్ టు' వాడితే సర్వర్ ఒక్కో బైట్‌నూ ఒక్కో అక్షరమనుకుని మళ్లీ మారుస్తుంది; 'త' కాస్తా సీ3ఏ0తో మొదలయ్యే 6 బైట్లవుతుంది. చాలామంది డేటాను చేజేతులా పాడుచేసుకునేది ఇక్కడే. టెక్స్ట్ కాలమ్‌ను ముందు వట్టి బైట్లను దాచే బ్లాబ్ రకంగా, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చండి. బ్లాబ్‌కు భాష తెలియదు కాబట్టి బైట్లను ముట్టుకోదు. ఇప్పటికే రెండుసార్లు మారిపోయి ఉంటే, లాటిన్1లోకి కన్వర్ట్ చేసి, బైనరీగా కాస్ట్ చేసి, యూటీఎఫ్8ఎంబీ4గా చదివించాలి. అదీ చెడిన వరుసల మీదే, డంప్ (డేటా కాపీ) తీసుకున్నాకే.

మైఎస్‌క్యూఎల్‌లోని పాత 'యూటీఎఫ్8' చార్‌సెట్ అక్షరానికి 3 బైట్ల వరకే; తెలుగు పడుతుంది, ఎమోజీ పట్టదు.