మైనస్ పది

రాత్రి ఒంటిగంట. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక డేటా సెంటర్. కిటికీల్లేని హాలు, చెవుల్లో ఫ్యాన్ల హోరు. నేనూ, నాతో పనిచేసే కరీంనగర్ కుర్రాడూ రాక్ ముందు నిలబడి ఉన్నాం. నాలుగింటిలోపు మాన్‌హైమ్ వైపు కొత్త లింక్, అంటే ఫైబరు మీద డేటా కనెక్షన్, లేవాలి. లేవకపోతే అన్నీ మళ్లీ ఎప్పటిలా సర్దేసి వెళ్లిపోవాలి.

"అన్నా, లైటొస్తుంది గానీ లింక్ లేస్తలేదు."

మేం రౌటర్లో పెట్టింది 400జెడ్ఆర్ మాడ్యూల్, డేటాని కాంతిగా మార్చి ఫైబరులోకి పంపేది. వేలెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో 100 గిగాబిట్లకే షెల్ఫులో ఒక పెద్ద కార్డు పట్టేది. ఇప్పుడు లేజరు, రిసీవరు, సిగ్నల్‌ని సరిచేసే చిప్పు అన్నీ ఈ చిన్న డబ్బీలోనే ఉండి 400 గిగాబిట్లు పంపుతాయి. ఫైబరు గాజులో దూరం వెళ్లేకొద్దీ కాంతి చెదిరిపోతుంది. ఆ చిప్పు లెక్కలు కట్టి దాన్ని మళ్లీ కూర్చుతుంది. పదిహేను వాట్లు పైనే తింటుంది కాబట్టి, నడుస్తున్నదాన్ని బయటికి లాగితే చెయ్యి చురుక్కుమంటుంది. ఇన్నేళ్లయినా దాన్ని చేతిలోకి తీసుకుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ముందు కనెక్టర్ మీద అనుమానపడ్డాం. కంటికి కనిపించని దుమ్ము చాలు కొంప ముంచడానికి. స్కోపు పెట్టి చూశాం. గుండ్రటి తెర మీద ఫైబరు ముఖం శుభ్రంగా ఉంది. అయినా క్లీనర్‌తో టిక్కుమనిపించి మళ్లీ పెట్టాం. లింక్ లేవలేదు.

అసలు కారణం నాకు తెలుసు. పదిహేను రోజుల ముందు నుంచే తెలుసు.

400జెడ్ఆర్‌ని 2020లో ప్రమాణంగా ప్రకటించినప్పుడు దాని లక్ష్యం డేటా సెంటర్ల మధ్య 120 కిలోమీటర్ల లోపు దూరం. అది మైనస్ పది డీబీఎం దగ్గర కాంతి పంపుతుంది. డీబీఎం అంటే కాంతి బలాన్ని కొలిచే లెక్క, పది తగ్గితే బలం పదోవంతు అవుతుంది. మా పాత లైన్లో అదే ఫైబరు మీద వెళ్లే పక్క చానెళ్లన్నీ సున్నా డీబీఎంతో వస్తున్నాయి. అంటే మాది వాటిలో పదోవంతు. ఆంప్లిఫయరు సిగ్నల్‌ని పెంచుతుంది, దాంతోపాటు తన రొదనూ కలుపుతుంది. బలహీనంగా వచ్చినవాడు ఆ రొదలో మునిగిపోతాడు. సిగ్నల్‌కీ రొదకీ మధ్య 26 డీబీ తేడా కావాలి, మాకు అంత లేదు.

డేటాషీట్‌లో ఆ అంకె చూసి కూడా మీటింగులో నోరు మెదపలేదు. జర్మనీ వచ్చి ఏడాది కాలేదు. బ్లూ కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఈ ఉద్యోగం మీదే ఉంది. పెద్దవాళ్లు ఖాయం చేసిన ఆర్డరుకు కొత్తగా వచ్చినవాడు అడ్డం చెబితే ఏమవుతుందోనని టెన్షన్. హైదరాబాదులో అయితే చెప్పేవాణ్ణే.

మూడున్నరకి చేతులెత్తేశాం. ట్రామ్‌స్టాప్ దగ్గర ఆ కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. రాత్రంతా వాణ్ణి ఊరికే నిలబెట్టానని నాకు కడుపులో దేవినట్టయింది.

పొద్దున మా సీనియర్ ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడలేదు. "నీకు ముందే తెలుసా? మరి ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నిజంగా అర్థంకాక అడిగిన ప్రశ్న అది. నా దగ్గర జవాబు లేదు. వీసా అని ఆమెకి చెప్పలేకపోయాను.

సున్నా డీబీఎం ఇచ్చే ఎక్కువ పవరు మాడ్యూళ్లు తెప్పించారు. చూడ్డానికి అదే డబ్బీ, అదే సైజు. నెల తర్వాత మళ్లీ అదే హాలు, అదే వేళ. పెట్టాక లేజరు సర్దుకునేదాకా ఆగాలి. ఇద్దరం ఊపిరి బిగబట్టి ల్యాప్‌టాప్ చూస్తున్నాం.

"లేసిందన్నా!"

ఆ వారమే మా ఆర్డరు ఫారంలో ఒక కొత్త గడి పెట్టించాను, పంపే పవరు ఎంతో రాయడానికి. నాకొచ్చిన జర్మన్‌లోనే, లేచి నిలబడి అడిగాను.